బొంతల పక్కన ఎవరు

ఆ ఆదివారం పొద్దున ఢిల్లీ పక్కన వైశాలిలో ఆంటీ వాళ్ల ముందుగదిలో ఉన్నవాళ్లు: ఆంటీ, అంకుల్, సరుకును ఓడల మీద పంపించే ఏజెంటు, నేను. ఉన్న వస్తువులు: ఒక అట్టపెట్టె, అందులో మడిచి పెట్టిన పది పసిపిల్లల బొంతలు, ఆంటీ దర్జీ టేపు, నా స్టీలు టేపు, ఒక క్యాలిక్యులేటర్, నాలుగు టీ కప్పులు, ప్లేటులో జంతికలు. జంతికలు ఏజెంటు ముందు పెట్టారు గాని ఆయన వాటి వైపు చూడలేదు. పెట్టె వైపే చూస్తున్నాడు.

అది రెండువేల ఆరు, ఏడు ప్రాంతం. వైశాలికి మెట్రో ఇంకా రాలేదు. నేను వరంగల్లో మెకానికల్ ఇంజినీరింగ్ చదివి, నోయిడాలో సాఫ్ట్‌వేర్ రాస్తూ, ఆంటీ వాళ్ల మేడ మీద గదిలో అద్దెకుండేవాణ్ణి. వాళ్లది కాకినాడ. అంకుల్ ఉద్యోగం వల్ల ఢిల్లీ వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. ఇంట్లో టేపు, స్పానర్, మల్టీమీటర్ లాంటివి నా దగ్గరే ఉండేవి కాబట్టి కొలతలున్న ఏ పనికైనా నన్ను కిందికి పిలిచేవారు. పిలవకపోయినా దిగేవాణ్ణేమో.

ఆంటీకి నోయిడాలో చిన్న కుట్టు యూనిట్ ఉండేది. చాలా ఏళ్లుగా ఒక పెద్ద ఎగుమతి కంపెనీకి బొంతలు కుట్టి ఇచ్చేవారు. గుడ్డ వాళ్లది, డిజైన్ వాళ్లది, చివర కుట్టే పేరు చీటీ కూడా వాళ్లదే. ఆ చలికాలం మొదటిసారి ఒక జర్మన్ ఆవిడ నేరుగా ఆంటీకే ఆర్డర్ ఇచ్చింది. హాంబర్గ్‌లో ఆవిడకు పసిపిల్లల సామాను అమ్మే దుకాణాలున్నాయి. వెయ్యీ నలభై బొంతలు కావాలంది. రెండు షరతులు పెట్టింది. వసంతం కేటలాగు బయటికొచ్చే లోపల సరుకు తన గోడౌన్‌కు చేరాలి. ఏ వాసనా ఉండకూడదు. పసివాళ్ల ముఖానికి తగిలే గుడ్డ గనక, వాసన ఉంటే మొత్తం వెనక్కి పంపుతానని రాసింది. నచ్చితే మళ్లీ ఆర్డర్ ఇస్తుంది. ఆంటీ అప్పటికే పాత కంపెనీకి ఈ సీజన్ పని తీసుకోనని చెప్పేశారు. ఈ బొంతలు తిరిగొస్తే మళ్లీ వాళ్ల గుమ్మం దగ్గరికే వెళ్లి నిలబడాలి.

ఏజెంటు చెప్పిన విషయం విన్నంతసేపూ నాకు చాలా ఆసక్తిగా అనిపించింది. సముద్రం మీద సరుకు పంపాలంటే రెండు దారులు. కంటైనర్ మొత్తం మనమే తీసుకోవచ్చు, దాన్ని ఎఫ్‌సీఎల్ అంటారు. లేదంటే ఒకే కంటైనర్‌లో నలుగురైదుగురి సరుకుతో పాటు మనదీ పెట్టించవచ్చు, అది ఎల్‌సీఎల్. మొత్తం తీసుకుంటే నిండినా నిండకపోయినా ఒకటే రేటు. పంచుకుంటే మనం ఆక్రమించిన ఘనమీటర్లను బట్టి రేటు. ఆ వ్యాపారంలో ఘనమీటరు అనరు, సీబీఎం అంటారు. చిన్న కంటైనర్ లోపల ముప్పై మూడు సీబీఎం ఉంటుందట.

పెట్టె కొలిచాను. అరవై, నలభై, యాభై సెంటీమీటర్లు. పెట్టెకు పది బొంతల చొప్పున నూటనాలుగు పెట్టెలు. మొత్తం పన్నెండున్నర సీబీఎంకి కాస్త తక్కువ. ఏజెంటు ఇచ్చిన రేట్లతో గ్రాఫులో రెండు గీతలు గీస్తే, అవి పద్నాలుగు దగ్గర కలిశాయి. పద్నాలుగు లోపలైతే పంచుకోవడం లాభం, దాటితే మొత్తం తీసుకోవడమే లాభం. మనం లోపలే ఉన్నామని కాగితం ఆంటీకి చూపించాను.

ఆంటీ కాగితం చూడలేదు. ఏజెంటునే అడిగారు.

"పక్కన ఎవరి సరుకు పెడతారండీ?"

ఆయన నవ్వాడు. హిందీలో చెప్పిన సమాధానం నాకిప్పటికీ గుర్తుంది. "మేడమ్‌జీ, రైలెక్కేటప్పుడు పక్క బెర్తు ఎవరిదని టికెట్ కిటికీలో అడుగుతామా?"

"అడగం. కానీ రైలు పెట్టె తలుపు మీద చార్టు అతికిస్తారు కదా. పేరూ వయసూ చూసుకుని ఎక్కుతాం," అన్నారు ఆంటీ. అదే మాట తెలుగులో మాకూ చెప్పి, "కంటైనర్‌కి చార్టు ఉండదా బాబూ?" అని నన్నడిగారు.

ఉండేదేదో ఉంటుంది కానీ సరుకు ఇచ్చేవాళ్లకు చూపించరని ఏజెంటు చెప్పాడు. ఎవరి సరుకు ఏమిటో కంటైనర్ నింపేవాళ్లకే తెలుస్తుందట. అది కూడా నింపే రోజుకి గాని తెలియదట. అంకుల్ అప్పటిదాకా పేపర్ చదువుతున్నవారు తల ఎత్తకుండానే, "సైడ్ లోయర్ ఇమ్మను," అన్నారు.

ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. మరుసటి శనివారం ఏజెంటును బతిమాలి, డ్రై పోర్టు దగ్గర పంచుకునే సరుకు దించే ఒక షెడ్డుకు వెళ్లాను. డ్రై పోర్టు అంటే సముద్రం లేని రేవు. కంటైనర్లన్నీ అక్కడ నింపి, రైలు మీద పడమటి తీరానికి పంపుతారు. నేను సముద్రం చూసింది అప్పటికి రెండేసార్లు. అలాంటి నాకు సముద్రం వాసన లేకుండా, క్రేన్ల మధ్య, ఎండుటాకుల మధ్య ఉన్న ఆ రేవు చాలా నచ్చింది. షెడ్డు నేల మీద పసుపు గీతలు గీసి గళ్లు చేశారు. ఒక గడిలో మురాదాబాద్ ఇత్తడి దీపాలు. ఒక గడిలో గుర్రపు జీన్లు. ఒక గడిలో రబ్బరు చాపల చుట్టలు. ఆ పక్కనే అగరుబత్తుల పెట్టెలు, వాటిని చూడకముందే వాటి సంగతి తెలిసిపోయింది. గళ్ల మధ్య గీతలున్నాయి కాని గాలికి గీతల్లేవు. అక్కడ ఉన్న ఉద్యోగిని, ఈ జీన్ల పక్కన పసిపిల్లల బొంతలు పెడతారా అని అడిగాను. బరువైనవి కింద, తేలికైనవి పైన పెడతామని, అంతకంటే వేరే నియమం లేదని చెప్పాడు. ఆయన మర్యాదగానే చెప్పాడు. నేను గంటసేపు అక్కడే తిరిగి, షర్టుకు తోలు వాసన, అగరు వాసన రెండూ పట్టించుకుని ఇంటికొచ్చాను. ఆంటీ తలుపు తీసి, ఒకసారి గాలి పీల్చి, "గుళ్లోకెళ్లావా, చెప్పుల కొట్టుకెళ్లావా?" అన్నారు.

అయినా నా గీతలు మారలేదు. పన్నెండున్నర పద్నాలుగు కంటే తక్కువే. ప్లాస్టిక్ సంచుల్లో మూసేస్తే వాసన రాదు గదా అన్నాను. ఆంటీ సరే చూద్దాం అన్నారు.

నా లెక్క మారింది యూనిట్ మేడ మీద. పొగమంచు తగ్గి ఎండ కాసిన మొదటి వారం అది. ఢిల్లీలో ఆ రోజుల్లో ఏ మేడ చూసినా రజాయిలు ఎండేసి ఉంటాయి. ఆంటీ యూనిట్ మేడ మీద కూడా తాళ్లు కట్టి, బొంతలన్నీ పరిచారు. ప్యాక్ చేసే ముందు ప్రతి బొంతకూ ఒక పూట ఎండ చూపించడం ఆవిడ పద్ధతి. కాకినాడ అలవాటా అని అడిగాను.

"కాకినాడలోనా? అక్కడ ఉక్కకి మనమే ఎండుతాం బాబూ. ఇక్కడికొచ్చాకే నేర్చుకున్నాను, ఆయ్."

ఎండలోంచి తీసిన బొంతను చేతిలోకి తీసుకుంటే నాకు అనుమానం వచ్చింది. ఆదివారం నేను కొలిచిన పెట్టెలో ఉన్నవి ఎండ చూడని బొంతలు. లోపలి దూదిలో చెమ్మ ఉండి అణిగిపోయి ఉన్నాయి. ఇవి పొంగి ఉన్నాయి. పది బొంతలు మడిచి పెట్టెలో కుక్కి, టేపు వేసి, మర్నాడు సాయంత్రం వచ్చి కొలిచాను. పెట్టె గోడలు బయటికి ఉబ్బి ఉన్నాయి. షెడ్డులో ఎక్కడ ఎక్కువ లావుందో అక్కడే కొలుస్తారని చూసి వచ్చాను కాబట్టి నేనూ అక్కడే కొలిచాను. అరవై నాలుగు, నలభై ఐదు, యాభై రెండు. నూటనాలుగు పెట్టెలకు పదిహేనున్నర సీబీఎం పైమాట. గీతలు కలిసే చోటుని దాటిపోయాం.

రెండు మార్గాలున్నాయని ఆంటీకి చెప్పాను. ఎండబెట్టడం మానేస్తే పన్నెండున్నర దగ్గరే ఆగుతుంది. లేదా గాలి తీసేసే సంచుల్లో బిగిస్తే ఇంకా తగ్గుతుంది. కాని బిగించినవి నలిగిపోతాయని, వద్దని జర్మన్ ఆవిడ ముందే రాసిందట.

"ఇగ ఎండ ఒక్కటే బంద్ చేయాలె ఆంటీ," అన్నాను. తొందరలో ఉంటే నా మాట వరంగల్‌కి వెళ్లిపోతుంది.

ఆంటీ తాడు మీద బొంతను రెండో వైపుకి తిప్పారు. "ఎండ చూడని బొంత ఏ పసిపిల్లకీ ఇవ్వను. ఇప్పటిదాకా ఆ కంపెనీ పేరు మీద కుట్టినప్పుడే ఇవ్వలేదు. ఇప్పుడు నా పేరు మీద ఇస్తానా?"

ఆ రాత్రి ఇంటర్నెట్‌లో చదివితే ఆవిడ పట్టుదలకు నాకొక కారణం కూడా దొరికింది. ఓడ మీద కంటైనర్ పగలు వేడెక్కి రాత్రి చల్లబడుతుంది. సరుకులో చెమ్మ ఉంటే ఆవిరై, పైకప్పుకి అంటుకుని, చుక్కలుగా మళ్లీ సరుకు మీదే పడుతుంది. ఆ చెమ్మకి బూజు, బూజుకి వాసన. కంటైనర్ లోపల వాన కురుస్తుందన్నమాట. ఇది పొద్దున్నే ఆంటీకి చెప్పాను. "వానలో తడవకుండా బొంతకు గొడుగేమైనా చెప్పారా అందులో?" అని అడిగారు. ఎండబెట్టమన్నారని చెప్పాను. ఆవిడ టీ వడగట్టడం ఆపలేదు.

అలా ఫుల్ కంటైనర్ ఖాయమైంది. సగానికి పైగా ఖాళీగా వెళ్తుందని తెలిసి అంకుల్, "అయితే ఢిల్లీ గాలి కూడా జర్మనీకి ఎగుమతి చేస్తున్నావన్నమాట. దానికీ లేబుల్ కుట్టు," అన్నారు. ఆంటీ మాత్రం వేరే సంగతి ఆలోచించారు. చోటు ఎలాగూ మనదే అయినప్పుడు పెట్టెలో పది కుక్కడం ఎందుకు? ఎనిమిది పెడితే ఉబ్బదు కదా? ఆ లెక్కన నూటముప్పై పెట్టెలు, ఒక్కోటీ దాని అసలు కొలతలోనే. కూడి చూస్తే మొత్తం పదిహేను పాయింట్ ఆరు సీబీఎం. ఉబ్బిన నూటనాలుగు పెట్టెలకూ అంతే వచ్చింది. నేను రెండుసార్లు చూసుకున్నాను. పెట్టెలు ఎన్నైనా, ఎండ చూసిన దూది తనకు కావలసినంత చోటే అడుగుతోంది.

డ్రై పోర్టు ఉన్న దాద్రి వైపు నుంచి ట్రెయిలర్ మీద కంటైనర్ యూనిట్ ముందుకొచ్చిన రోజు నేను ఆఫీసుకు సెలవు పెట్టాను. సరుకు ఎక్కించే ముందు చేసే ఒక పరీక్ష ఉందని ఏజెంటు చెప్పాడు. మనుషులు లోపలికి వెళ్లి తలుపులు మూయించుకుని నిలబడాలి. ఎక్కడైనా చిల్లుంటే వెలుతురు చుక్కలా కనిపిస్తుంది. ఆంటీ, ఏజెంటు, నేను లోపలికి వెళ్లాం. డ్రైవర్ తలుపులు వేశాడు. అంత చీకటి నేను ఎప్పుడూ చూడలేదు. పక్కన ఏజెంటు ఊపిరి వినిపిస్తోంది. నేను మూలలన్నీ వెతుకుతున్నాను. ఒక్క చుక్క లేదు. కంటైనర్ బాగుందని ఏజెంటు తలుపు తట్టబోయాడు.

చీకట్లోంచి ఆంటీ గొంతు వచ్చింది. "ఎండు చేప."

ఏజెంటుకు ఏ వాసనా రావడం లేదు. నాకు రంగు వాసన, చెక్క నేల వాసన వస్తున్నాయి. ఎండు చేప వాసన ఎలా ఉంటుందో నాకు సరిగా తెలియదు కూడా. ఆంటీ మాత్రం రేవు ఊళ్లో పుట్టిన మనిషి. తలుపు తెరిచాక కూడా అదే అన్నారు. పై వాసన కాదని, చెక్కలో ఇంకి ఉందని అన్నారు. ఏజెంటు ఇబ్బంది పడ్డాడు. ఈ కంటైనర్ తిప్పి పంపితే ఇంకోటి రేపు మధ్యాహ్నానికి వస్తుందో రాదో చెప్పలేడు. రాకపోతే రైలు పోతుంది. రైలు పోతే తర్వాతి ఓడ వారం తర్వాత. వారం ఆగితే కేటలాగు తేదీ దాటిపోతుంది. డ్రైవరేమో టైర్ మీద చేయి వేసి, లోపల ఏమైనా చచ్చిందా అని అడిగాడు.

వెలుతురుకి పరీక్ష ఉంది. వాసనకి ఏ మీటరూ లేదు. కానీ పోల్చి చూడవచ్చు గదా అనిపించింది. ఒకే గుడ్డతో కుట్టిన, ఒకే రోజు ఎండబెట్టిన రెండు బొంతలు అడిగాను. ఒకదాని మూలకు ఎర్ర దారం, రెండోదానికి నీలం దారం కట్టాను. ఎర్రదాన్ని కంటైనర్ లోపలి చెక్క మీద పరిచి తలుపులు మూయించాను. నీలందాన్ని కొత్త ప్లాస్టిక్ సంచిలో కట్టి ఆఫీసు గదిలో పెట్టాను. అందరం టీ తాగాం. ఏజెంటు, "ఇంజినీర్ సాబ్, ఇది ఎక్స్‌పోర్టా, ల్యాబా?" అన్నాడు. ఆంటీ కప్పులో టీ చల్లారిపోయింది.

తర్వాత రెండు బొంతలూ తెచ్చి, దారాలు కనిపించకుండా మూలలు లోపలికి మడిచి, కుట్టే ఆడవాళ్లను ఒక్కొక్కరినే పిలిచాను. జలుబు లేనివాళ్లు ఏడుగురు. ఏమిటి ఎందుకు అని చెప్పలేదు. రెండింట్లో దేనికైనా వాసన ఉందా అని మాత్రమే అడిగాను. వాళ్లకది మంచి ఆటలా అనిపించింది. ఒకామె కళ్లు మూసుకుని మరీ వాసన చూసింది. బెంగాల్ నుంచి వచ్చినామె ఎర్ర దారం దాన్ని ముక్కుకి తాకించి నవ్వింది.

"దీదీ, ఈ బొంత చేపల బజారుకెళ్లి వచ్చింది."

ఏడుగురిలో ఆరుగురు ఎర్రదాన్నే చూపించారు. ఏడో ఆమె రెండింటికీ సబ్బు వాసన ఉందంది. ఊరికే గుడ్డిగా చూపిస్తే మూడో నాలుగో రావాలి. ఆరు రావడం మామూలు సంగతి కాదని ఏజెంటుకు చెప్పబోయాను. ఆయన అప్పటికే బెంగాలీ ఆమెను చూసి తల ఊపుతున్నాడు. ఆమె మాట విన్నాక నా లెక్క ఎవరికీ అక్కర్లేకపోయింది.

నిర్ణయం మాత్రం ఆంటీదే. ఆవిడ ఖాళీ పెట్టె తిరగేసి దాని మీద కూర్చున్నారు. అంకుల్‌కి ఫోన్ చేయమంటారా అని అడిగాను. వద్దన్నారు. కొంచెంసేపు ట్రెయిలర్ వైపు చూశారు. "పంపించేయండి. ఇది వద్దు," అన్నారు ఏజెంటుతో.

ట్రెయిలర్ వెళ్లిపోయాక నాకొక సంగతి తట్టింది. పంచుకునే కంటైనర్‌లో పక్కవాళ్లు పక్కనే ఉంటారు. మొత్తం మనదే అనుకున్న కంటైనర్‌లోనూ పక్కవాళ్లుంటారు, కాకపోతే మనకంటే ముందు ఎక్కి దిగిపోయి ఉంటారు. దానికీ చార్టు ఉండదు. ఈ మాట ఆంటీకి చెబితే, "బెర్తు మీద జంతికల ముక్కలుంటాయి చూడు, అలాగ," అన్నారు. ఆవిడ ఆ పూట మాట్లాడిన కొద్ది మాటల్లో అదొకటి.

రెండో కంటైనర్ మర్నాడు మధ్యాహ్నం దాటాక వచ్చింది. రాదేమోనని ఏజెంటు డిపో దగ్గరే కూర్చుని, దాని వెనకే కారులో వచ్చాడు. మళ్లీ ముగ్గురం లోపల నిలబడ్డాం. చుక్కల్లేవు. వాసన ఉందా అని ఆంటీని అడిగాను. "ఏమీ లేదు. కానీ నిన్నటి వాసన ఇంకా నా ముక్కులోనే ఉందేమో," అన్నారు. మళ్లీ రెండు బొంతలు, రెండు దారాలు, అవే ఏడు ముక్కులు. ఈసారి నలుగురు ఎర్రదాన్ని, ముగ్గురు నీలందాన్ని చూపించారు. చూపించమన్నారు గనక చూపిస్తున్నామని బెంగాలీ ఆమె చెప్పింది. ఆ లెక్క రాసుకున్న కాగితాన్ని ఆంటీ నా చేతిలోంచి తీసుకుని చూశారు. నా లెక్కల కాగితం ఆవిడ చూడటం అదే మొదటిసారి. "ఎక్కించండి," అన్నారు.

వరసకు ఇరవై పెట్టెలు. ఆరు వరసలు నిండి, ఏడో వరసలో సగం. తలుపు దగ్గర దాదాపు రెండు మీటర్లు ఖాళీ. పెట్టెలు జారకుండా అడ్డంగా తాళ్ల వల కట్టాం. సాయంత్రం ఆఫీసు నుంచి నేరుగా అక్కడికే వచ్చిన అంకుల్ ఆ ఖాళీలోకి తొంగి చూసి, "ఇక్కడ నేనూ పడతాను," అన్నారు. సీలు వేశారు. రైలు అందింది.

ఓడ వెళ్లే దారి ఇంటర్నెట్‌లో రోజూ చూసేవాణ్ణి. ఆంటీ అడిగేవారు కాదు. పాత కంపెనీ నుంచి రెండుసార్లు ఫోన్ వచ్చిందని, ఎత్తలేదని అంకుల్ నాతో మేడ మెట్ల మీద చెప్పారు. యూనిట్‌లో అప్పటికి పని లేదు. కుట్టే ఆడవాళ్లలో ఇద్దరు వేరే చోట చేరతామని అంటున్నారు.

మార్చి చివర ఒక సాయంత్రం ఆంటీ కింది నుంచి పిలిచారు. కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నారు. జర్మన్ ఆవిడ మెయిల్‌లో నాలుగు వాక్యాలున్నాయి. సరుకు సమయానికి అందింది. బొంతలు బాగున్నాయి, మెత్తగా ఉన్నాయి. వాసన గురించి ఏమీ రాయలేదు. పద్దెనిమిది వందల బొంతలు శరత్కాలం కోసం కావాలని, ఎంత చోటు పడుతుందో చెప్పమని అడిగింది.

ఆంటీ ఆ మెయిల్‌ను రెండోసారి చదివించుకున్నారు. తర్వాత కళ్లజోడు తీసి, "ఎండ చూశాకే కొలు బాబూ," అన్నారు.

మర్నాడు మేడ మీద కొలిచాను. పెట్టెకు ఎనిమిది చొప్పున రెండు వందల ఇరవై ఐదు పెట్టెలు. ముప్పై మూడులో ఇరవై ఏడు సీబీఎం.